జగ్గన్నతోట ప్రభలు: పచ్చని చేలోంచే వెళ్లాలా, రోడ్డు పట్టాలా?

చేనుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

సంక్రాంతి దగ్గర పడుతోంది. ఈ మాట ఇప్పుడు ఎత్తకపోతే మళ్లీ ఏడాది దాకా ఎవరికీ గుర్తుండదు. మాది జగ్గన్నతోటకి ప్రభ వెళ్లే ఊళ్లలో ఒకటి. ఏ ఊరో చెప్పను, గొడవ ఊరి మీద పడుతుంది.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కోనసీమలో, అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఉన్న కొబ్బరితోట ఇది. కనుమ నాడు 11 ఊళ్ల శివాలయాల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు శివుళ్లు, ప్రభల మీద (వెదురుతో కట్టి భుజాన మోసే ఎత్తైన అలంకార చట్రాలు) ఇక్కడికి చేరతారు. వ్యాఘ్రేశ్వరం, మొసలపల్లి, పాలగుమ్మి, ఇరుసుమండ, వక్కలంక, పెదపూడి, ముక్కామల, నేదునూరు, పుల్లేటికుర్రు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం. తోటలో గుడి లేదు. చెట్ల కిందే స్వాములు కొలువుదీరతారు. నాలుగు వందల ఏళ్ల నాటి తీర్థం అని పెద్దలు చెబుతారు. కొన్ని ప్రభలు వచ్చే దారి రోడ్డు కాదు, వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు.

ఇక నా గోడు. మా నాన్న కౌలు రైతు. ప్రభ నడిచే దారిలో ఎకరం పావు మక్తాకి (కౌలుకి) చేస్తున్నాం. కనుమ నాటికి మా చేలో దాళ్వా (రెండో పంట వరి) ఊడుపులై పది పదిహేను రోజులు. నాటిన నారు అప్పుడప్పుడే వేరు పట్టి తల నిలబెడుతుంది. నిరుడు ప్రభ వెళ్లాక టేపు పెట్టి కొలిచాను. 200 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు. అంటే 12 సెంట్లు. ఎకరానికి 40 బస్తాలు పండితే, ఆ 12 సెంట్లలో పండేది 5 బస్తాలకి కాస్త తక్కువ. చేను తొక్కినా తొక్కకపోయినా ఎకరానికి 15 బస్తాల మక్తా కొలవాల్సిందే. భూమిగల ఆసామి పట్నంలో ఉంటారు. "మన చేలోంచి స్వామి వెళ్లాడంటే ఎంత అదృష్టం" అని ఫోన్ చేసి మరీ సంతోషపడతారు. ఆయన భక్తిని తప్పుపట్టను. కానీ పుణ్యం భూమిగల వాళ్లకి, తొక్కిన చేను మాకు.

అందుకే అడుగుతున్నాను. చుట్టూ తిరిగైనా సరే, ప్రభని రోడ్డు మీద తీసుకెళ్తే స్వామికి ఏం తక్కువవుతుంది?

కౌశిక ఒడ్డు

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్లుగా ప్రభకి భుజం ఇస్తున్నవాణ్ని. నీ బాధ నాకు అర్థమవుతుంది, మా పెదనాన్నా కౌలుకే చేశాడు. అయినా రోడ్డు మాటకి ఒప్పుకోలేను.

ఎగువ కౌశిక కాలువలో దిగే చోట ఎలా ఉంటుందో చెబుతాను విను. అడుగున తాటి దూలాలు, పైన వెదురు వంచి కట్టిన చట్రం, దాని నిండా రంగుగుడ్డలు, నెమలి పింఛాలు, గంటలు. ఆ బరువు భుజాన పెట్టుకుని ఒడ్డు దిగుతుంటే కాలి కింద బురద జారుతుంది. ముందు వరస నడుం లోతుకి వెళ్లేసరికి వెనక వరస ఇంకా గట్టు మీదే ఉంటుంది. ప్రభ ముందుకి ఒరుగుతుంది. అటూ ఇటూ తాళ్లు పట్టినవాళ్లు వెనక్కి లాగి నిలబెట్టాలి. ఒకడు "శరభా" అంటే వందమంది "అశ్శరభ" అంటారు. ఆ కేక ఆగితే అడుగు పడదు, నిజంగా పడదు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నా తోలు లేచిపోతుంది. అవతలి గట్టెక్కాక ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటే ఏడుపొస్తుంది.

తోటలో గుడి లేదని నువ్వే రాశావు. గుడి లేని తీర్థానికి దారే సగం పూజ. ఆ దారి తీసేసి ప్రభని ట్రాక్టర్ ఎక్కించి తారురోడ్డున తెస్తే అది ఊరేగింపు అవుతుంది కానీ జగ్గన్నతోట అవదు.

హైదరాబాద్ నుంచి వక్కలంక మనవడు

ఒడ్డు అన్నా, మీ మాట కదిలించింది. కానీ ఆచారం మారకూడదు అనడం సరికాదనిపిస్తోంది. అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. అరవై ఏళ్లు దాటిన రథం. మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా కొత్తది తయారైంది, దాని మీదే 2021 కల్యాణోత్సవాల్లో స్వామి ఊరేగాడు. కొయ్య కొత్తదైనా తీర్థం పాతదే అని అందరూ దణ్ణం పెట్టుకున్నాం. అలాంటప్పుడు దారి మారితే మాత్రం తప్పేంటి?

దారి మార్చకపోతే నష్టపరిహారమైనా ఇవ్వాలి. 2020లో ప్రధానమంత్రి ఈ తీర్థాన్ని మెచ్చుకుంటూ లేఖ రాశారు. 2023 గణతంత్ర దినాన మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థాన్ని చూపిస్తూ ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నడిచింది. అంత పేరు తెచ్చిన పండుగకి చేను ఇచ్చిన రైతుకి నాలుగైదు బస్తాల డబ్బు ఇవ్వలేమా?

కౌశిక ఒడ్డు

రథం కాలిపోయింది కాబట్టి కొత్తది చేశారు బాబూ, వద్దనుకుని కాదు. మన దారి కాలిపోలేదు, ఉంది.

చేనుగట్టు

పరిహారం అన్నారు కాబట్టి చెబుతాను. ప్రభుత్వం ఇచ్చినా అది ఎవరి చేతికి వెళ్తుంది? పాసుపుస్తకం ఎవరిదైతే వాళ్లకి. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకి సాగు హక్కు పత్రం రావాలంటే భూమిగల ఆసామి ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లు ఎంతమంది? పెడితే భూమి చేయి జారిపోతుందని వాళ్ల భయం. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) గిట్టుబాటు కావట్లేదని పంట విరామం ప్రకటించిన నేల ఇది. వరి చేసేవాడి కష్టం ఇక్కడి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే డబ్బు మాట నేను ఎత్తలేదు.

గుమ్మడి ముగ్గు

బాబూ, నేను పెద్దదాన్ని, టైపు చేయడం కష్టం, మా మనవరాలు రాస్తోంది. మా అత్తగారు కనుమ పొద్దున్నే బిందెతో పసుపునీళ్లు తీసుకెళ్లి మా చేను గట్టున చల్లేది. ప్రభ తొక్కిన చోట గింజ బరువుగా ఉంటుందని ఆవిడ నమ్మకం. మాదీ అప్పుడు సొంతభూమి కాదు, మక్తాయే. స్వామి మా గట్టెక్కి పక్కవాళ్ల చేలోకి వెళ్తే ఆ ఏడు మామీద అలిగాడని దిగులు పెట్టుకునేది. బస్తాల లెక్క మాకూ తెలుసు నాయనా. తిండికి లేని రోజులవి. అయినా ఆ ఒక్కరోజు లెక్క వేసుకునేవాళ్లం కాదు.

నష్టం, పరిహారం అన్న మాటలు ప్రభ దగ్గర వాడకండి. ఇవ్వాలనుకుంటే స్వామి ప్రసాదమని ఇవ్వండి, బట్టలు పెట్టి ఇవ్వండి.

చేనుగట్టు

అమ్మా, మీ మాటకి ఎదురు చెప్పను. కానీ మీ అత్తగారు తనంతట తాను పసుపునీళ్లు చల్లారు. ఇవాళ మా నాన్న వద్దంటే ఊళ్లో నిలవగలడా? ఇష్టంగా ఇవ్వడం వేరు, కాదనలేక ఇవ్వడం వేరు కదమ్మా.

విజీనగరం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పైన అన్న మాటకి మా విజయనగరం పైడితల్లమ్మ పండుగ గుర్తొచ్చింది. విజయదశమి తర్వాత మంగళవారం సిరిమానోత్సవం. సిరిమానుకి (పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) కావలసిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టు ఎవరి తోటలో ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లి అడుగుతారు, పూజ చేసి బొట్టు పెట్టి అప్పుడే గొడ్డలి వేస్తారు. ఇవ్వనన్న ఇల్లు గురించి నేనైతే వినలేదు. కానీ అడుగుతారు. ఆ అడగడం ఉంది చూశారూ, దానివల్లే చెట్టు పోయినింట్లోనూ పండుగే. మీ దగ్గర ప్రభ కమిటీ వాళ్లు కనుమ ముందు చేను చేసే రైతు ఇంటికి, ఆసామి ఇంటికి కాదు, వెళ్లి తాంబూలం ఇచ్చి అడుగుతారా?

కౌశిక ఒడ్డు

లేదు. అడగరు. ఇది మా తప్పే. రాసి పెట్టుకుంటున్నాను.

స్తంభం మీద ముప్పై ఏళ్లు

లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను, ప్రభల డ్యూటీ ఎన్నోసార్లు చేశాను. రోడ్డు అనేవాళ్లకి ఒక్క మాట. రోడ్డు మీద అడుగడుగునా అడ్డంగా తీగలే. స్తంభం నుంచి ఇంటికి, ఇంటి నుంచి కొట్టుకి. ప్రభ ఎత్తు చూశారుగా. సరఫరా ఆపి తీగలు విప్పుకుంటూ పోవాలి, పైన వెదురుకి ఒక్క తీగ తగిలినా గుండె జారిపోతుంది. చేలల్లో అయితే పెద్ద లైను ఎక్కడ దాటుతుందో ముందే తెలుసు, అక్కడ మనిషిని పెడితే చాలు. మోసేవాళ్ల ప్రాణాల సంగతి చూస్తే నేను చేను దారికే ఓటేస్తాను.

ఇంకోటి. చేనుగట్టు గారూ, మీరు 26 అడుగులు అన్నారు. నేను చూసినంతలో ప్రభ, మోసేవాళ్లు, తాళ్లవాళ్లు కలిపి 10, 12 అడుగులు మించరు. మిగతా వెడల్పు ఎవరిది?

చేనుగట్టు

ఈ ప్రశ్నకి నిన్న రాత్రంతా ఆలోచించాను. నిరుడు నేను తీసిన ఫోటోలు మళ్లీ చూశాను. మీరన్నది నిజం. ప్రభ నడిచింది సన్నటి దారే. దానికి రెండు పక్కలా సెల్‌ఫోన్లు పైకెత్తి వెనక్కి నడుస్తున్నవాళ్లు, వీడియోకి అడ్డమొచ్చారని చేలోకి ఇంకా లోపలికి దిగినవాళ్లు, గట్టు తెంపి బండి దింపినవాళ్లు. గట్టు తెగడం వల్ల పెట్టిన నీళ్లు కూడా పోయాయి, అది నేను లెక్కే వేయలేదు. తొక్కుడులో సగానికి పైగా చూడ్డానికి వచ్చినవాళ్లదే.

నాన్ననీ అడిగాను, చిన్నప్పుడు ఎంత మేర తొక్కేవారని. రెండెడ్ల బండి పోయినంత అన్నాడు.

రోడ్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్వామి చేలోంచే రావాలి. కానీ చేలో స్వామీ, ఆయన్ని మోసేవాళ్లూ ఉంటే చాలు. మిగతా వాళ్లు రోడ్డు మీదుగా తోటకి వెళ్లొచ్చు.

హైదరాబాద్ నుంచి వక్కలంక మనవడు

ఆ వీడియోలు తీసేవాళ్లలో నేనూ ఉన్నాను. క్షమించండి. ఈసారి తోటలోనే ఉంటాను. అయినా అసలు చూడాల్సిన ఘట్టం అక్కడే కదా. మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు ముందుగా వచ్చి అందరికీ ఎదురుచూస్తుంటాడు, వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలో అడుగు పెట్టగానే మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. దానికి చేను తొక్కక్కర్లేదు.

కౌశిక ఒడ్డు

మా కుర్రాళ్లతో మాట్లాడాను. ప్రభకి ముందు ఇద్దరు, వెనక ఇద్దరు అడ్డంగా తాడు పట్టి నడుస్తారు, తాడు దాటి ఎవరినీ చేలోకి రానివ్వరు. బండ్లు గట్టు ఎక్కకుండా కొబ్బరి మొద్దులు అడ్డం వేస్తాం. భోగికి ముందే చేను చేసేవాళ్ల ఇళ్లకి తాంబూలంతో వెళ్తాం. ఎంతవరకు జరుగుతుందో చూడాలి, జనం ఎక్కువైతే తాడు ఆగుతుందా అని నాకూ అనుమానమే.

నారుమడి

మా అమ్మ ఊడుపు కూలీ. నేనూ సెలవుల్లో వెళ్లి నాటేదాన్ని. ఇంతసేపూ చదువుతుంటే ఒక్కటే అనిపించింది. లేత చేను తొక్కితే పూర్తిగా చావదు. బురదలోకి దిగిపోయిన మొక్క కొన్నిచోట్ల తానే లేస్తుంది, లేవని చోట మళ్లీ నారు గుచ్చాలి. నారు ఉంటే నలుగురు ఆడవాళ్లకి ఒక పూట పని. అదీ ఆలస్యం చేయకుండా, రెండు మూడు రోజుల్లో. ఎవరూ డబ్బు ఇవ్వక్కర్లేదు. ప్రభ మోసినవాళ్లే మర్నాడు చేలోకి దిగి నాటితే సరిపోదా? నాటడం రాకపోతే మేం నేర్పుతాం. నారు ఎక్కడిది అన్నదే ప్రశ్న, అప్పటికి అందరి నారుమళ్లూ ఖాళీ అయిపోతాయి.

చేనుగట్టు

నారుమడి చెల్లీ, నీ ప్రశ్న నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనకుండా లేచి, టార్చి తీసుకుని చేలోకి నడిచాడు, వెంట వెళ్లాను. నారుమడిలో తూర్పు మూల, మంచం అంత మేర, నారు పీకకుండా అలాగే ఉంది. ఊడుపుల రోజున కూలీలు అది కూడా పీకబోతే వద్దన్నాడు, నాకు గుర్తుంది. మిగిలిపోయిందేమో అనుకున్నాను. ప్రతి ఏడూ ఉంచుతాడట, మా తాతా ఉంచేవాడట. "స్వామి దారిది" అన్నాడు.

ఇన్నేళ్లూ కనుమ అయ్యాక నాలుగు రోజులు నాన్న ఒక్కడే పొద్దున్నే చేలోకి ఎందుకు వెళ్తాడో నేను అడగలేదు.

ఆ మూలలో ఉన్న నారు బండి పోయినంత మేరకి సరిపోతుంది, 26 అడుగులకి సరిపోదు. ముక్కనుమ పొద్దున్న ఏడింటికి మా చేలో ఉంటాం. ఎవరెవరు వస్తారో చెప్పండి, అమ్మ టిఫిను చేస్తానంటోంది.

కౌశిక ఒడ్డు

నేను, నాతో ఆరుగురు. భుజం నొప్పులుంటాయి, వంగి నాటడానికి భుజంతో పనిలేదు కదా.

నారుమడి

అమ్మని తీసుకొస్తాను.