‘ఎడమ మూడున నడచిన...’ తర్వాత కుడికా, గుడికా?

వేపచెట్టు:
పది రోజులుగా ఒక పద్యపాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. మా తాతయ్య హరికథలకి మృదంగం వాయించేవారు. కథలు లేని రోజుల్లో సాయంత్రం పూట అరుగు మీద పీట బోర్లించి, ఎడమ చేత్తో ఒక లెక్కా కుడి చేత్తో ఇంకో లెక్కా కొడుతూ ఇది అనేవారు:

ఎడమ మూడున నడచిన గుడికి నాల్గు

మిగతా మూడు పాదాలూ మాయం. చిన్నప్పుడు నాకు అర్థమైందేమిటంటే, ఎడమ పక్కగా మూడు వీధులు నడిస్తే గుడి నాలుగో వీధిలో వస్తుందని. మా ఊరి రామాలయం నిజంగానే అటువైపే. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే గుడి కాదేమో, కుడి ఏమో అనిపిస్తోంది. ఎవరైనా విన్నారా?

తేటగీతి:
తేటగీతి పాదం. ఎడమ–గుడికి ప్రాసయతి, అంటే రెండుచోట్లా రెండో అక్షరంలో డకారం కలిసింది. ఎక్కడా పొల్లు లేదు. రాసినాయన పద్యంలోనూ చెయ్యి తిరిగినవాడే.

అరసున్న:
అర్థం కుడే, పలకాల్సింది మాత్రం గుడికి. ‘నడచినన్’ చేదర్థకం, అంటే ‘నడిస్తే’ అని; ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీది పరుషం ‘క’ సరళం ‘గ’ అయింది, నకారం అరసున్న (ఁ) అయింది: నడచినఁ గుడికి. ఎడమ చేయి మూడున నడిస్తే కుడికి నాలుగు అని. మీ తాతగారు చక్కగానే పలికారు, మీ చెవికి అరసున్న వినపడలేదు.

పాత చందమామ:
అంత తేలిగ్గా గుడిని కొట్టిపారెయ్యకండి. గుడికి నాలుగు మాడవీధులు. ఊరేగింపులో సన్నాయి వెంట డోలు నడుస్తుంది. ఎడమ వైపు మూడు వీధులు తిరిగాక గుడి ముందరి నాలుగో వీధిలో నడక మారాలని డోలు విద్వాంసులకి గుర్తుచేసే పద్యం కావచ్చు.

అరసున్న:
ఎడమగా తిరిగితే అప్రదక్షిణం అవుతుంది చందమామ గారూ. ఏ దేవుడూ ఒప్పుకోడు.

కాకినాడ కాజా:
అరసున్న గారి దగ్గర ప్రతి జబ్బుకీ అరసున్నే మందు. ‘నడచిన’ చేదర్థకమే ఎందుకవ్వాలి? ధాతుజ విశేషణం, అంటే ‘నడిచినటువంటి’ అనుకోండి. అప్పుడది కళ, అంటే చివర ద్రుతం లేదు, క అలాగే నిలబడుతుంది. ‘ఎడమ, మూడున నడచిన కుడికి, నాల్గు.’ అంటే మూడున నడిచిన కుడి చేతికి జోడుగా ఎడమ చేయి నాలుగు వెయ్యాలి. చేతులు తారుమారయ్యాయి చూశారా? కు అయితే ఎడమది నాలుగు, గు అయితే ఎడమది మూడు. ఒక్క అక్షరం మీద రెండు చేతులూ ఆధారపడ్డాయి.

అరసున్న:
దూరాన్వయం. దూరంగా ఉన్న మాటల్ని తెచ్చి అతికించారు.

కాకినాడ కాజా:
పద్యంలో దూరాన్వయం లేకపోతే మీలాంటివాళ్లకి పనేముంది గురువుగారూ?

రవ్వముద్ద:
మృదంగం పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. వ్యాకరణం జోలికి రాను. కానీ మీరిద్దరూ ‘మూడున’ అన్న మాటని దాటేశారు. మూడున నడవడం అంటే మూడు దెబ్బలు కాదు, మూడు మాత్రల కొక దెబ్బ. మాత్ర అంటే ఒక లెక్క. పన్నెండు మాత్రలు లెక్కపెట్టండి. ఎడమ తకిట తకిట తకిట తకిట. కుడి తకధిమి తకధిమి తకధిమి. ప్రతి ‘త’ దగ్గర మాత్రమే దెబ్బ. ఎడమకి ఒకటి, నాలుగు, ఏడు, పది. కుడికి ఒకటి, ఐదు, తొమ్మిది. అంటే మూడున నడిచే చేయి నాలుగు దెబ్బలు వేస్తుంది, నాలుగున నడిచే చేయి మూడే వేస్తుంది. మళ్లీ పదమూడో మాత్ర దగ్గర, అంటే తిరిగి ఒకటి దగ్గర, రెండూ కలుస్తాయి.

పిల్లలకి మొదట వేరుగా నేర్పిస్తే చేతులు ఒకదాన్నొకటి లాక్కుపోతాయి. తొప్పి (ఎడమ వైపు మూత) మీద తొం అనగానే కుడి చెయ్యి కూడా లేస్తుంది. అందుకని రెండు చేతుల దెబ్బల్నీ కలిపి ఒకే వరసగా చెప్పిస్తాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం: మూడు, ఒకటి, రెండు, రెండు, ఒకటి, మూడు. నోట ఇది పలికితే చేతులు వాటంతట అవే సర్దుకుంటాయి. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మాత్రం బల్ల మీద ప్రయత్నించకండి.

తేటగీతి:
3 1 2 2 1 3. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. వికటకవి తాళం.

రవ్వముద్ద:
ఇన్నేళ్లు పాఠం చెప్పి ఆ సంగతి గమనించలేదు సుమండీ.

డాలస్ గోంగూర:
మావాడు ఇక్కడ డ్రమ్‌సెట్ నేర్చుకుంటున్నాడు. కుడి కాలు బేస్ డ్రమ్ మీద ఒక లెక్క, చేతులు ఇంకో లెక్క. వాళ్ల మాష్టారు దీన్ని పాలీరిథమ్ అంటాడు, ఇంకోసారి పాలీమీటర్ అంటాడు. రెండూ ఒకటేనా?

రవ్వముద్ద:
కాదమ్మా. పాలీమీటర్‌లో మాత్ర ఒకటే, ఆవర్తాలు, అంటే తాళం తిరిగివచ్చే చుట్లు, వేరు. ఇక్కడ మూడూ నాలుగూ పన్నెండు దగ్గర కలిసినట్టు ఎక్కడో ముందుకెళ్లి కలుస్తాయి. పాలీరిథమ్‌లో ఆవర్తం ఒకటే, దాన్ని ఒక చేయి మూడు ముక్కలూ ఇంకో చేయి నాలుగు ముక్కలూ చేస్తుంది. మన మాటల్లో మొదటిది రెండు తాళాలు, రెండోది రెండు నడకలు. పల్లవి పాడేవాళ్లు ఒక చేత ఆది తాళం, రెండో చేత ఖండచాపు తాళం వేస్తే ఎనిమిదీ ఐదూ నలభై అక్షరాలకి గానీ కలవవు. అది మొదటి రకం. ఇక్కడి పన్నెండులో తమాషా ఏమిటంటే, దీన్ని రెండు రకాలుగానూ వినొచ్చు.

సిర్రదెబ్బ:
సంగీతమోళ్లు డప్పును యాది చెయ్యకుండ రెండు చేతుల ముచ్చట చెప్తున్నరు. మా దిక్కు సిర్ర కుడిచేతిల, సిటికెన పుల్ల ఎడమచేతిల. సిర్ర పొట్టిగ, బరువుగ ఉంటది, దరువు దానిది. సిటికెన పుల్ల సన్నగ, పొడుగ్గ ఉంటది, నడుమ నడుమ చిటచిట అంటది. పది డప్పులు మంటకాడ కాగినంక సగం మంది ఒక దరువు పడితె, తక్కినోళ్లు దాన్ని ఇరిచి కొడ్తరు. మేం పన్నెండు లెక్కపెట్టం అన్నా, కాలు లెక్కపెడ్తది.

రవ్వముద్ద:
ఒప్పుకున్నాను తమ్ముడూ. కాలే సరైన లెక్క. మేము తొడ మీద తాళం వేస్తూ కూర్చునేవాళ్లం.

పాత చందమామ:
హరికథ, రెండు చేతులు, రెండు లెక్కలు అంటే ఇంకెవరు, ఆదిభట్ల నారాయణదాసు గారే. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటా ఐదు తాళాలు వేసేవారని చెప్పుకుంటారు కదా. పంచముఖి పరమేశ్వర అన్న బిరుదు ఊరికే రాలేదు. పద్యం ఆయనదే అయ్యుండాలి.

తేటగీతి:
ఊరూ పేరూ లేని ప్రతి చాటువునీ తెనాలి రామలింగడికి అంటగట్టినట్టు, తాళం వాసన తగిలిన ప్రతి పద్యాన్నీ దాసుగారి ఖాతాలో వేస్తాం మనం. ఐదు తాళాలు వేసేవాడు రెంటి మీద పద్యం చెప్పి ఆగుతాడా? పైగా ఆయన అచ్చతెలుగు దట్టింపు ఇందులో ఎక్కడుంది? ఇది ఎవరో బడిపంతులు లాంటి మృదంగం గురువు శిష్యుల కోసం కట్టుకున్న గుర్తు.

కాకినాడ కాజా:
దాసుగారంటే విజయనగరం మాట వచ్చినట్టే కాబట్టి. దాసుగారున్న ఊళ్లోనే, ఆ రోజుల్లోనే, గురజాడ ఈ రెండు లెక్కల పని మృదంగం లేకుండా చేశారు. ఆయన ముత్యాలసరం ఛందస్సు నడక మూడూ నాలుగూ అని అందరికీ తెలుసు. మాటలు ఎక్కడ విరుగుతున్నాయో ఎవరూ చూడరు.

గుత్తునా ముత్యాల సరములు
కూర్చుకొని తేటైన మాటల
క్రొత్త పాతల మేలు కలయిక
క్రొమ్మెఱుంగులు చిమ్మగా

గణాలుగా చదివితే గుత్తు–నాము–త్యాల–సరములు. 3, 4, 3, 4 మాత్రలు (లఘువు ఒకటి, గురువు రెండు). మాటలుగా చదివితే గుత్తునా ఐదు, ముత్యాల ఐదు, సరములు నాలుగు. రెండో పాదం కూడా అంతే, కూర్చుకొని ఐదు, తేటైన ఐదు, మాటల నాలుగు. చెయ్యి మిశ్రగతిలో, అంటే మూడూ నాలుగూ కలిసిన ఏడు లెక్కలో, తాళం వేస్తుంటే నోరు 5, 5, 4 నడుస్తోంది. పద్నాలుగు దగ్గర కలుస్తున్నాయి. ఇక మూడో పాదం చూడండి. క్రొత్త, పాతల, మేలు, కలయిక. 3, 4, 3, 4. మాటా గణమూ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏ పాదంలో? ‘మేలు కలయిక’ అన్న పాదంలో!

తేటగీతి:
కాజా గారూ, ఈ ఒక్కదానికి మీ దూరాన్వయం క్షమించేశాను.

అరసున్న:
బాగుంది. కానీ గురజాడ అనుకుని చేశారంటే ఒప్పుకోను. మాత్రాఛందస్సులో మాట గణాన్ని దాటడం మామూలే.

కాకినాడ కాజా:
అనుకోకుండా పడితే ఇంకా గొప్ప.

సిర్రదెబ్బ:
గిప్పుడే డప్పు మీద కొట్టి చూసిన. మొదటి రెండు పాదాలు కొట్టేటప్పుడు సిర్ర ఒక దిక్కు, నోరు ఒక దిక్కు పోతున్నయ్. మూడోదాంట్ల నిజంగనే రెండు ఒక్కతాన పడ్డయ్. గురజాడకు దండం.

తేటగీతి:
సరే, పోయిన పాదం దొరక్కపోతే పూరించుకుందాం.

ఎడమ మూడున నడచినఁ గుడికి నాల్గు
కలిసి పన్నెండు వద్దనె నిలువవలయు

రవ్వముద్ద:
పద్యం బాగుంది. మృదంగం పోయింది. కలిసిన చోట నిలవకూడదు మాష్టారూ, ఎత్తుకోవాలి. నిలిచిపోతే పక్కన పాడేవాడు మన వంక చూస్తాడు.

కాకినాడ కాజా:
‘వద్దనె’ అంటే వద్దు అనె అని కూడా వినపడుతోంది. పన్నెండు వద్దన్నది ఎవరు?

వేపచెట్టు:
అందరికీ దండాలు. మా పిన్నికి ఫోన్ చేశాను. తాతయ్య దగ్గర కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నది ఇంట్లో ఆవిడొక్కతే. పీట మీద ఎలా కొట్టేవారని అడిగితే వెంటనే చెప్పింది: ఎడమ చేత్తో నాలుగు దెబ్బలు, కుడి చేత్తో మూడు.

కాకినాడ కాజా:
అయితే నేనే గెలిచాను. ఎడమ నాల్గు, కుడి మూడు. కుడికి. క!

అరసున్న:
రవ్వముద్ద గారు చెప్పింది చదవలేదా? మూడున నడిచే చేతికే నాలుగు దెబ్బలు. ఎడమ మూడున నడిచింది. కాబట్టి నడచినఁ గుడికి. గ!

రవ్వముద్ద:
ఇద్దరికీ సరిపోతోంది, నన్ను లాగకండి.

వేపచెట్టు:
ఇంకా ఉంది. మొదటి పాదం పిన్నికి గుర్తు లేదట. రెండోది మాత్రం గడగడా చెప్పింది. నేను విన్నట్టు రాస్తున్నాను:

కలియ పండ్రెండు తప్పిన తలకు మొట్టు

అది మాత్రం ఎందుకు గుర్తుందంటే, మొట్టికాయ తగిలింది తనకే కాబట్టి.

తేటగీతి:
ఆహా! కలియ–తలకు, మళ్లీ ప్రాసయతి. ఒకే చెయ్యి. నా పూరణ వెనక్కి తీసుకుంటున్నాను.

అరసున్న:
అమ్మా, ఒక్క సాయం. ఇక్కడ ‘తప్పినన్’ చేదర్థకమే, వేరే దారి లేదు. తాతగారు అక్కడ ‘దలకు’ అని సంధి చేసి ఉంటే మొదటి పాదంలో ‘గుడికి’ అన్నది కూడా సంధే. ‘తలకు’ అని వదిలేసి ఉంటే అసలు ఆయన సంధి చెయ్యరని తేలుతుంది. పిన్నిగారిని అడగండి, తలకా, దలకా?

వేపచెట్టు:
అడిగానండీ. ‘తల నాది, మొట్టికాయ ఆయనది, అక్షరం ఎవరికి గుర్తుంటుందే’ అంది.

అరసున్న:
పోనీ ‘పండ్రెండు’ అన్నారా, ‘బండ్రెండు’ అన్నారా?