అప్‌డేట్: ట్యూబా ఏది కొనాలని అడిగాను కదా, మూడూ ఊది చూశాను

గుంటూరులో పెళ్లి బ్యాండులో యుఫోనియం (ట్యూబా కంటే చిన్న ఇత్తడి వాయిద్యం) వాయిస్తాను, ట్యూబాకి (బ్యాండులో అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాయిద్యం) మారాలి, ఈ-ఫ్లాట్ శ్రుతిది కొనాలా, ఇంకా కిందిదైన బీ-ఫ్లాట్ శ్రుతిదా అని పోయిన నెల అడిగాను. ‘ఊదకుండా కొనొద్దు తమ్ముడూ’ అన్నారు చాలామంది. ఆదివారం విజయవాడ వెళ్లి, పాత వాయిద్యాలు అమ్మే ఒకాయన దగ్గర మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మూడింటికీ ఒకటే మౌత్‌పీస్, ఫోన్‌లో తంబురా శ్రుతి.

మొదట మూడు వాల్వుల (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కేవి) బీ-ఫ్లాట్. దాదాపు 18 అడుగుల గొట్టం కదా, కింది స్వరం గుండెల్లో మోగింది. కానీ ఒకటి, మూడు వాల్వులు కలిపి నొక్కితే శ్రుతి పైకి పోతోంది. పెదవులతో కిందికి లాగీ లాగీ అలసిపోయాను. పైగా రెండో వాల్వు ఇరుక్కుంటోంది. నూనె వేస్తే సరిపోతుందన్నాడాయన. వేశాం, సరిపోలేదు.

రెండోది ఫైబర్ సూసాఫోన్, అంటే ఒంటి చుట్టూ తిరిగి భుజాన మోసే ట్యూబా. ఎడమ భుజం మీద హాయిగా కూర్చుంది. ఊరేగింపుకి అదే సుఖం. నాదం మాత్రం నాకు బోలుగా అనిపించింది.

చివరిది నాలుగు వాల్వుల ఈ-ఫ్లాట్. ఆ ఒకటి-మూడు బదులు నాలుగోది ఒక్కటే నొక్కితే చాలు, శ్రుతి చక్కగా నిలిచింది. గొట్టం 13 అడుగులే, అందుకేనేమో స్వరం త్వరగా పలికింది. బెల్లుకి (నాదం బయటికొచ్చే వెడల్పాటి మూతికి) రెండు సొట్టలున్నాయి, వాటిని చూపించి బేరమాడాను.

అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అదే టెన్షన్.