ఏడు టెస్టులతో కె.ఎస్. భరత్‌ని పక్కన పెట్టడం న్యాయమేనా?

మధురవాడ కీపర్:
2024 ఫిబ్రవరిలో మన విశాఖ స్టేడియంలో ఇంగ్లండ్‌తో రెండో టెస్టు జరిగింది. 106 పరుగులతో గెలిచాం. పది రోజులకే రాజ్‌కోట్‌లో మూడో టెస్టుకి ధ్రువ్ జురెల్ కీపింగ్ గ్లవ్స్ వేసుకుని దిగాడు. అప్పటిదాకా కీపింగ్ చేసిన మన కోన శ్రీకర్ భరత్ బెంచీ మీద కూర్చున్నాడు. సొంత ఊళ్లో ఆడిన టెస్టే అతని ఏడో టెస్టు. ఆ తర్వాత చోటు మళ్లీ దక్కలేదు. తొందరపడ్డారని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

స్కోర్‌బుక్:
గురూ, కారణాలు అంకెల్లోనే ఉన్నాయి. 12 ఇన్నింగ్స్, 221 పరుగులు, సగటు 20.09, అత్యధికం 44. ఒక్క హాఫ్ సెంచరీ లేదు. 2022 డిసెంబరు 30న రెగ్యులర్ కీపర్ రిషభ్ పంత్‌కి కారు ప్రమాదం జరగకపోతే ఈ ఏడు టెస్టులు కూడా అనుమానమే. జురెల్ తన రెండో టెస్టులో, రాంచీలో 90, 39 నాటౌట్ కొట్టి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ తీసుకున్నాడు. సెలక్టర్లు తప్పు చేశారని ఇంకెలా అనగలం? నాదీ ఈ ఊరే. భరత్ ఆడుతుంటే నాకూ టెన్షనే. కానీ అభిమానం వేరు, లెక్క వేరు.

మధురవాడ కీపర్:
లెక్క సరే. ఆ పరుగులు ఎలాంటి పిచ్‌ల మీద వచ్చాయో కూడా చూడాలి కదా. 2023లో ఇండోర్‌లో ఆస్ట్రేలియా మీద మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 109కే ఆలౌటయ్యారు. అందులో కోహ్లీ 22దే అత్యధికం, భరత్‌వి 17. ఇంగ్లండ్‌తో మొదటి టెస్టు, హైదరాబాద్‌లో రెండో ఇన్నింగ్స్ గుర్తుందా? 231 కొట్టాలి, 119కి ఏడు వికెట్లు పడ్డాయి. అప్పుడు అశ్విన్‌తో కలిసి 57 పరుగులు జోడించాడు. ఓడింది 28 పరుగులతోనే. ఆ రోజు టీవీ ముందు నేను కూర్చోలేక గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

స్కోర్‌బుక్:
అదే ఆస్ట్రేలియా సిరీస్‌లో, అవే పిచ్‌ల మీద, కింద ఆర్డర్‌లో వచ్చిన అక్షర్ పటేల్ 264 పరుగులు చేశాడు. పిచ్ అందరికీ ఒకటే గురూ. పైగా మొదలుపెట్టి నిలబడకపోవడమే భరత్ సమస్య. 44, 41, 28, 23... ప్రతిసారీ కుదురుకున్నాడు అనుకునేలోపే ఔట్. మన ఊళ్లో కూడా మొదటి రోజు ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా 17కి వెళ్లిపోయాడు. రెండో ఇన్నింగ్స్‌లో 6.

సీతమ్మధార:
అన్నయ్యలిద్దరికీ నమస్తే. ఒక మాట కలుపుతాను. భరత్ నిలబడలేడంటే నేను ఒప్పుకోను. 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అతనే. టెస్టు క్యాప్ మాత్రం 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో వచ్చింది. ఎనిమిదేళ్లు! అప్పటికి 29 దాటాయి. ఆ వయసులో వచ్చినవాడికి ప్రతి ఇన్నింగ్సూ పరీక్షే. ఇంగ్లండ్ సిరీస్‌కి ముందు అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ లయన్స్ (వాళ్ల రెండో జట్టు) మీద 116 నాటౌట్ కూడా చేశాడు. ఫామ్‌లో లేడు కాబట్టి తీసేశారంటే ఎలా నమ్మమంటారు?

మధురవాడ కీపర్:
బాగా చెప్పావమ్మా. అయినా నా అసలు బాధ బ్యాటింగ్ గురించి కాదు. ఇరవై ఏళ్లు క్లబ్ క్రికెట్‌లో వికెట్ల వెనక కూర్చున్నవాణ్ని. ఇప్పటికీ నా ఎడమ చూపుడు వేలు పూర్తిగా ముడుచుకోదు. స్పిన్నర్ వేస్తుంటే బంతి పడేదాకా లేవకూడదు. బంతి ఎంత లేస్తే అంతే లేవాలి. ముందే లేస్తే, కింద నుంచి వచ్చే బంతి మోకాళ్ల మధ్య నుంచి పోతుంది. బ్యాట్ అడ్డొచ్చి బంతి కనబడని ఆ క్షణంలో చేతులు వాటంతట అవే సరైన చోటికి పోవాలి.

ఇప్పుడు 2021 కాన్పూర్ టెస్టు చూడండి. న్యూజిలాండ్ మీద కీపర్ సాహాకి మెడ పట్టేస్తే భరత్ దిగాడు. అశ్విన్ బౌలింగ్‌లో విల్ యంగ్ బ్యాట్‌కి సన్నగా తగిలిన బంతి చాలా కింద వచ్చింది. పట్టేశాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. బ్యాట్‌కి తగిలిందని కెప్టెన్ రహానేని ఒప్పించి రివ్యూ తీసుకునేలా చేసింది భరతే. తర్వాత రాస్ టేలర్ క్యాచ్. ఆ తర్వాత 95 మీదున్న లేథమ్‌ని అక్షర్ బౌలింగ్‌లో స్టంపింగ్ చేశాడు. ఒక్క ఇన్నింగ్స్‌లో మూడు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు కాబట్టి ఆ మూడింట్లో ఒక్కటీ అతని టెస్టు రికార్డులో లేదు. స్కోర్‌బుక్ గారూ, మీ లెక్కలో అవి ఎక్కడ రాస్తారు?

స్కోర్‌బుక్:
ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నిజమే, అవి అతని ఖాతాలోకి రావు. కీపింగ్‌లో భరత్‌కి నేను ఎప్పుడూ వంక పెట్టలేదు. మన ఊరి టెస్టులోనూ అశ్విన్ బౌలింగ్‌లో డకెట్ క్యాచ్ పట్టాడు. కానీ గురూ, ధోనీ ఇదే స్టేడియంలో 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు నుంచి మన దేశంలో కీపర్ అంటే లెక్క మారిపోయింది. చేతులు బాగుంటే సరిపోదు, మ్యాచ్ తిప్పాలి. పంత్ వచ్చాక అది ఇంకా పెరిగింది. ఆ కొలతలో 20 సగటు నిలవదు.

గాజువాక ఆఫ్‌స్పిన్:
నా మాట చిన్నది. బౌలర్‌గా చెబుతున్నాను. వెనక నమ్మకమైన చేతులుంటే బంతిని ఇంకాస్త పైకి వదులుతాం. లేకపోతే భయంతో ఫ్లాట్‌గా వేస్తాం. ఆ తేడా ఏ సగటులోనూ కనబడదు. నా ఓటు భరత్‌కి.

స్కోర్‌బుక్:
ఆ మాట ఒప్పుకుంటాను. రాజ్‌కోట్ నిర్ణయం మీద మాత్రం నా అభిప్రాయం మారదు. రాంచీలో జురెల్ 90 లేకపోతే ఆ టెస్టు పోయేది.

మధురవాడ కీపర్:
జురెల్‌ని నేనూ మెచ్చుకుంటాను. 177కి ఏడు వికెట్లు పోయాక ఆడిన ఆట అది. నేనడిగేది ఒక్కటే: సిరీస్ 1-1గా ఉంది, అప్పుడే మన దగ్గర గెలిచి వెళ్లారు. రాజ్‌కోట్‌లో ఇంకొక్క టెస్టు ఇచ్చి చూస్తే ఏం పోయేది? మా కోచింగ్ క్యాంప్‌లో గ్లవ్స్ వేసుకునే పిల్లలు ఆరుగురున్నారు. ఆ టెస్టు అయిన వారంలో వాళ్లలో ఇద్దరు వచ్చి, కీపింగ్ మానేసి బ్యాటింగ్ మాత్రమే చేస్తామన్నారు.