మూడున్నరేళ్ల బాబుకి అ ఆలు ఎలా దిద్దించాలి?

మా బాబుకి వసంత పంచమికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాం. బియ్యంలో వేలు పట్టి దిద్దిస్తే నవ్వుతూ దిద్దాడు. ఇంటికొచ్చి పలక, బలపం ఇచ్చేసరికి కథ మారింది. బలపాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటాడు, రెండు గీతలు గీసి విసిరేస్తాడు. నెలలో ఎన్ని బలపాలు విరిచాడో లెక్కే లేదు.

'అ' దగ్గరే ఆగిపోయాం. ఆ మెలికలు తిప్పడం వాడి చేతికి రావడం లేదు. అందుకే వరస పక్కన పెట్టి సున్నా నేర్పా. దాని మీద తలకట్టు పెట్టి 'ర' అన్నా, లోపల చుక్క పెట్టి 'ఠ' అన్నా. ఇది మాత్రం ఆటలా చేస్తున్నాడు. ఇలాగే 'వ' రాయించి, తోక తగిలించి 'మ' చేద్దామనుకుంటున్నా. కానీ మా అత్తయ్య మాత్రం 'ఓనమాలు వరసగా రాకుండా ఇదేం చదువమ్మా' అంటున్నారు. వరస తప్పితే తర్వాత గుణింతాలప్పుడు ఇబ్బంది అవుతుందా?

ఇంకో టెన్షన్, వాడిది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తోనే తినిపిస్తున్నాం గానీ, రాతకి చెయ్యి మార్పించడం నాకిష్టం లేదు. ఎడమచేత్తో తెలుగు రాసేవాళ్లు ఉంటే చెప్పండి, పలక ఏ వైపు వాల్చి పెట్టాలి? రాసిందాన్ని చెయ్యి చెరిపేస్తోంది.

ఎల్‌కేజీలో నాలుగు గీతల పుస్తకం అప్పుడే ఇచ్చేశారు. ఇంట్లో ఇంకొన్నాళ్లు ఇసుక, ముగ్గుపిండితోనే దిద్దించనా? అంగన్‌వాడీ టీచర్లు, ఇది దాటొచ్చిన అమ్మలు కాస్త చెప్పండి.