దుకాణం కల్లు తాగితే ఏర్‌పోర్ట్ జాబ్ డ్రగ్ టెస్టుల పడతదా?

కల్వకుర్తి_పోరడు:
అన్నలూ ఒక డౌటు. నా ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్) కోర్సు అయిపోయింది, శంషాబాద్‌ల విమానాలు రిపేర్ చేసే కంపెనీల సెలెక్ట్ అయిన, జాయినింగ్‌కు ముందు మెడికల్‌తోని పాటు యూరిన్ డ్రగ్ టెస్ట్ ఉంటదని మెయిల్ వచ్చింది. గంజాయి గింజాయి నాకు తెల్వదు, సిగరెట్ గూడ లేదు. కానీ ఆదివారం మా మేనమామ ఇంట్ల దావత్ అయితే దుకాణం నుంచి తెచ్చిన కల్లు రెండు సీసాలు తాగిన, ఇగ పంటే తెల్లారి పది దాక లేవలే. మా దోస్తు ఏమో కల్లు డ్రగ్ కాదు నీకేం గాదు అంటుండు. నిజమేనా? టెస్ట్ శుక్రవారం.

షాద్‌నగర్_హ్యాంగర్:
తమ్మీ, చెట్టు కింద కూసొని తాగిన కల్లయితే మీ దోస్తు చెప్పింది కరెక్టే, అండ్ల ఉండేది ఆల్కహాల్, దానికి ఊదుడు మిషిన్ వేరే ఉంది. దుకాణం కల్లు లెక్క వేరు. మన పాలమూరు, నల్గొండ దిక్కు అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతుంటే ఎక్సైజోళ్లు పట్టుకున్న వార్తలు పేపర్ల మస్తు చూసినం. విమానాల రూల్స్ పెట్టే సర్కారు సంస్థ డీజీసీఏ టెస్టు లిస్టుల గంజాయి, కొకైన్, ఓపియేట్లు (నల్లమందు జాతివి), ఆంఫెటమిన్లు, బార్బిట్యురేట్లతోని పాటు బెంజోడయాజిపైన్లు (నిద్ర, మత్తు గోలీల జాతి) గూడ ఉన్నయి, అల్ప్రాజోలం డైజిపామ్ రెండూ గవే. పది దాక లేవలే అన్నవు సూడు, నాకైతే ఆడనే అనుమానం కొట్టింది.

పాలమూరు_బాబాయ్:
అరే పోరని ఎందుకు బెదిరిస్తున్నవ్, ఆ టెస్టులు పైలట్లకు, విమానాలకు దారి సూపే ఏటీసీ వాళ్లకు గదా.

షాద్‌నగర్_హ్యాంగర్:
మీరు చెప్పేది రాండమ్ టెస్టు బాబాయ్, 2022 జనవరి 31 నుంచి ఏడాదికి కనీసం 10 శాతం మందికి చేయాలె, అది వాళ్లకే. కొత్తగ తీసుకునేటోళ్లకు మాత్రం రిపేర్ కంపెనీలు గూడ చేయాలని అదే రూల్ల ఉంది.

మిర్యాలగూడ_ల్యాబ్:
మొదటి స్క్రీనింగ్‌ల తేడా వచ్చిందంటే కథ ఖతం కాదు, కన్ఫర్మేషన్ టెస్టు చేసినంకనే పాజిటివ్ అంటరు. డాక్టర్ రాసిన నిద్రగోలీలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ ఏమన్న వాడితే చీటీ పట్టుకపోయి ముందే చెప్పాలె. దుకాణం కల్లుకు చీటీ ఎవడిస్తడు అనేదే నీ సమస్య 😀 ఇంకొకటి, ఎవడో చెప్పిండని బకెట్ నీళ్లు తాగి పోకు, శాంపిల్ పల్చగైతే ఆడనే తెలుస్తది, మల్ల ఇయ్యమంటరు. గసగసాలు బాగ ఏసిన మటన్ గూడ ఈ నాలుగు రోజులు వద్దు, ఓపియేట్లల సూపెట్టొచ్చు.

కల్వకుర్తి_పోరడు:
అన్నా భయమైతుంది. జాబ్‌ల చేరినంక దొరికితే ఏం జేస్తరు? ఇంతకు శుక్రవారం దాక ఒంట్లకెళ్లి పోతదా?

షాద్‌నగర్_హ్యాంగర్:
ఈ రూల్ కిందికొచ్చేటోళ్లు ఫస్ట్ టైం దొరికితే డ్యూటీల నుంచి తీసి డీ-అడిక్షన్‌కు పంపుతరు, రెండోసారి లైసెన్స్ మూడేండ్లు సస్పెండ్, మూడోసారి క్యాన్సిలే.

మిర్యాలగూడ_ల్యాబ్:
పోతదా లేదా అంటే ఎట్ల చెప్పాలె తమ్మీ, ఆ సీసాల ఏం పడ్డదో ఎంత పడ్డదో అమ్మినోనికే లెక్క లేదు. అల్ప్రాజోలం కంటే డైజిపామ్ ఎక్కువ రోజులుంటది. శాంపిల్ ఇచ్చే ముందు ఏమేం మందులు వాడినవ్ అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, ఆ కల్లు సంగతి గూడ.