గోడౌన్‌లో డీజిల్, గ్యాస్ ఫోర్క్‌లిఫ్ట్‌లు తీసేసి లిథియం బండ్లు తేవాలనుకుంటున్నాం, ముందు ఏం చూసుకోవాలి?

గోడౌన్ ఇన్‌చార్జి:

నమస్తే అండీ. మా దగ్గర ఆరు ఫోర్క్‌లిఫ్ట్‌లు ఉన్నాయి. నాలుగు డీజిల్‌వి, రెండు గ్యాస్‌వి, అన్నీ రెండున్నర టన్నులవే. రోజుకి రెండు షిఫ్టులు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరుగుతున్నా సాయంత్రానికి హాల్లో కళ్లు మండుతాయి. పోయిన నెల లోపలి ర్యాకుల దగ్గర పని చేసే ఇద్దరు కుర్రాళ్లు తల పగిలిపోతోందని, వాంతి వచ్చేలా ఉందని బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. గ్యాస్ బండి ఇంజన్ ట్యూనింగ్ తప్పి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతోందని తర్వాత తేలింది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎలాగో యాజమాన్యాన్ని ఒప్పించాను.

ఇప్పుడు నా సందేహాలు. ఉన్న డీజిల్ బండ్లకే ఇంజన్ తీసి మోటారు, లిథియం బ్యాటరీ పెట్టించవచ్చా, కొత్తవే కొనాలా? రెండు షిఫ్టులకి ఒక్క బ్యాటరీ సరిపోతుందా? పాత లెడ్ యాసిడ్ బండ్లు నడిపినవాళ్లు "మధ్యాహ్నానికే నీరసపడిపోతాయి" అని మా ఆపరేటర్లని భయపెట్టేశారు. అమ్మేవాళ్లేమో మా డీజిల్ బండ్ల అవర్ మీటర్లు చూసి, దాన్నిబట్టి చాలా పెద్ద బ్యాటరీ కావాలంటున్నారు. ఆ లెక్క నమ్మొచ్చా?

స్పానర్:

ముందు ఆ ఇద్దరూ ఇప్పుడు బాగానే ఉన్నారా? కొత్త బండ్లు వచ్చేదాకా ఆగకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తెచ్చి లోపలి ర్యాకుల దగ్గర ఇవాళే తగిలించండి. గ్యాస్ బండ్లు ట్యూనింగ్ అయ్యేదాకా లోపలికి వెళ్లకుండా చూడండి. డీజిల్ పొగనీ తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే దాన్ని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది.

మేం ఏడు బండ్లు మార్చి మూడేళ్లవుతోంది. మెయింటెనెన్స్ నాదే కాబట్టి, తప్పులు ఎక్కడ జరిగాయో కూడా నాకే బాగా తెలుసు.

ఇంజన్ తీసి మోటారు పెట్టే పని వద్దండీ. ముందు ఎత్తిన బరువుని వెనక బరువే నిలబెడుతుంది. ఇంజన్ ఎంత, బ్యాటరీ ఎంత, వెనక పోతపోసిన ఇనుము ఎంత అన్నీ చూసుకునే కంపెనీ, బండి ఎంత బరువు ఎత్తగలదో చెప్పే కెపాసిటీ ప్లేటు కొడుతుంది. మీరు లోపల మార్చేస్తే, తయారీదారు రాసి ఇవ్వనంతవరకు ఆ ప్లేటు మీద అంకెకి విలువ లేదు. మేం ఇంత దూరం వెళ్లలేదు గానీ, మా పాత లెడ్ యాసిడ్ బండి ఒకదానికి లిథియం బ్యాటరీ పెట్టించాం. లెడ్ బ్యాటరీ టన్నుకి పైనే ఉండేది, కొత్తది అందులో సగం. ప్లేటు మీద బ్యాటరీ కనీస బరువు ఎంత ఉండాలో రాసే ఉంది, ఎవరమూ చదవలేదు. ట్రయల్‌కి నిండు ప్యాలెట్ ఎత్తి మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందకీ జరిగే నిలువు ఫ్రేము) కొంచెం ముందుకి వంచగానే వెనక చక్రాలు నేల మీంచి బెత్తెడు లేచాయి. ఫోర్క్‌లిఫ్ట్‌కి స్టీరింగ్ వెనక చక్రాలకే కదా, అవి లేస్తే బండి మన చేతిలో ఉండదు. తర్వాత తయారీదారు చెప్పినంత బరువు వచ్చేలా బ్యాటరీ పెట్టెలో ఉక్కు ప్లేట్లు బిగించాం. కాబట్టి మీరు మొదటి నుంచీ లిథియంకే తయారైన బండ్లు తీసుకోండి.

ఇక అవర్ మీటర్. ఇంజన్ నడిచినంతసేపూ డీజిల్ బండి మీటరు తిరుగుతూనే ఉంటుంది. లారీ కోసం డాక్ దగ్గర ఎదురుచూస్తున్నా, ఆపరేటర్ దిగి చలాన్ మీద సంతకం పెట్టించుకుంటున్నా తిరుగుతుంది. బ్యాటరీ బండి ఆగి ఉంటే దాదాపు ఏమీ ఖర్చవదు. నేను వారం రోజులు నోటుబుక్కు పట్టుకుని బండి వెనకే తిరిగాను. షిఫ్టుకి మీటరు 7 గంటలు చూపిస్తుంటే, నిజంగా కదలడం, ఎత్తడం కలిపి 4 గంటలు కూడా లేదు. ఆ తేడాని లెక్కలోకి తీసుకోకపోతే అనవసరంగా పెద్ద బ్యాటరీ కొంటారు.

మా లెక్క చెప్తాను. బ్యాటరీ 48 వోల్టులు, 600 ఆంపియర్ అవర్, అంటే సుమారు 30 యూనిట్లు. మా పనికి కదిలే గంటకి 5 యూనిట్లు పడుతోంది, షిఫ్టుకి 20. మధ్యలో భోజనం, టీ విరామాలు కలిపి ఒక గంట చార్జింగ్‌కి పెడితే 200 ఆంపియర్ల చార్జర్‌తో 10 యూనిట్లు తిరిగొస్తాయి. షిఫ్టు మారే అరగంటలో ఇంకో 5. అలా రెండో షిఫ్టు అయ్యేసరికి బ్యాటరీలో దాదాపు సగం మిగులుతోంది, రాత్రికి నిండుతుంది. లెడ్ యాసిడ్‌తో ఇలా కుదరదు. 8 గంటలు చార్జింగ్, మళ్లీ చల్లారడానికి ఇంకో 8 గంటలు, డిస్టిల్డ్ వాటర్ పోయడం, మధ్యమధ్యలో చార్జర్ గుచ్చితే ఆయుష్షు తగ్గడం. లిథియంకి కొంచెం కొంచెంగా ఎన్నిసార్లు పెట్టినా నష్టం లేదు.

కానీ పెట్టాలి కదా! మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. కేబుల్ లాగడం సులువని, పాత డీజిల్ డ్రమ్ముల మూలలోనే చార్జర్లు పెట్టించాం. అక్కడి నుంచి రెస్ట్ రూమ్‌కి 150 అడుగులు. టీకి పావుగంట దొరికితే అంత దూరం ఎవరు నడుస్తారు? బండ్లన్నీ రెస్ట్ రూమ్ ముందు ఖాళీగా నిలబడేవి. రెండో వారంలో ఒక సాయంత్రం, ర్యాకు మూడో వరసలో ప్యాలెట్ పెట్టబోతుండగా ఒక బండి ఆగిపోయింది. లిథియం నీరసపడదు, చివరిదాకా ఒకే బలంతో లాగి, బ్యాటరీ లోపల దాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు (బీఎంఎస్) కరెంటు ఆపేయగానే ఒక్కసారిగా ఆగుతుంది. అంతకుముందు స్క్రీన్ మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది, పాత అలవాటు కొద్దీ ఆపరేటర్ ఇంకాస్త లాగుదామనుకున్నాడు. బ్రేకులు లాక్ అయిపోయాయి, తొయ్యడానికి కూడా లేదు. చుట్టూ తాడు కట్టి, ఎవర్నీ దగ్గరికి రానీయకుండా, ఎమర్జెన్సీ వాల్వు కొద్దికొద్దిగా వదులు చేసి ఆ ప్యాలెట్ దించేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆ వారంలోనే చార్జర్లన్నీ రెస్ట్ రూమ్ తలుపు పక్క గోడకి మార్పించాను. మళ్లీ ఒక్కసారి కూడా అలా జరగలేదు.

రాత్రి షిఫ్టు ఆపరేటర్:

సార్, నడిపేవాడిగా రెండు మాటలు. డీజిల్ బండి మీద యాక్సిలరేటర్ వదిలితే కాస్త సాగి ఆగుతుంది. ఇది కాలు తీయగానే పట్టేస్తుంది, ఆ బ్రేకింగ్‌తోనే కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి వెళ్తుందట. మొదటిరోజు అలా పట్టేసరికి నా ఫోర్కుల మీద ప్యాలెట్‌లో పైవరస పెట్టెలు రెండు కింద పడ్డాయి. సర్వీసువాళ్లకి చెప్పి మొదటి నెల ఆ సెట్టింగ్ తగ్గించి పెట్టించండి. రెండోది చప్పుడు. ఇంజన్ మోత విని పక్కకి తప్పుకోవడం అందరికీ అలవాటు. ఇది వెనకొచ్చినా తెలియదు. నేల మీద నీలం చుక్క పడే లైటు తప్పకుండా పెట్టించండి, మలుపుల దగ్గర హారన్ కొట్టమని గట్టిగా చెప్పండి.

ఇదివరకు ఇంటికెళ్లి ముక్కు కడుక్కుంటే నల్లగా వచ్చేది. ఇప్పుడు రావట్లేదు. అది చాలు నాకు.

వైరింగ్ పని:

స్పానర్ గారి లెక్కకి నాదొకటి కలుపుతాను. 200 ఆంపియర్ల చార్జర్ ఒక్కొక్కటి సుమారు 11 కిలోవాట్లు లాగుతుంది. భోజనానికి ఆరు బండ్లూ ఒకేసారి గుచ్చితే 66 కిలోవాట్లు. మీ కనెక్షన్ లోడు, ట్రాన్స్‌ఫార్మర్ అంత తట్టుకుంటాయో లేదో బండ్లకి ఆర్డర్ పెట్టకముందే చూపించుకోండి. విరామాలు మూడేసి బండ్లకి విడివిడిగా ఇచ్చినా సగం సమస్య తీరుతుంది. చార్జింగ్ జరుగుతుండగా ప్లగ్గు లాగనివ్వకండి. ముందు స్టాప్ నొక్కాలి, తర్వాతే లాగాలి. లేకపోతే నిప్పురవ్వలు లేచి పిన్నులు నల్లబడతాయి, కొన్నాళ్లకి అక్కడే వేడెక్కుతుంది.

గోడౌన్ ఇన్‌చార్జి:

ఇద్దరూ బాగున్నారండీ, పనిలోకి వచ్చేశారు. అలారం ఇవాళ తగిలించాం. మంటల సంగతి ఒక్కటే టెన్షన్‌గా ఉంది. ఫోన్లు పేలాయని వింటుంటాం కదా, మా దగ్గరేమో అట్టపెట్టెల సరుకే ఎక్కువ.

స్పానర్:

ఫోర్క్‌లిఫ్ట్‌లలో ఎక్కువగా వచ్చేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఫోన్లలో సాధారణంగా వాడే రకాల కంటే ఇది వేడికి బాగా తట్టుకుంటుంది. అంటుకోవడం అసలు జరగదని కాదు. చార్జర్ల చుట్టూ అట్టపెట్టెలు లేకుండా ఖాళీ వదలండి, బ్యాటరీ కంపెనీ చెప్పిన చార్జరే వాడండి. ఫోర్కు గుచ్చుకుని బ్యాటరీ పెట్టె సొట్టపడితే ఆ బండిని వెంటనే బయట విడిగా నిలబెట్టి వాళ్లని పిలవండి. గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెడితే సెల్స్ లోపల పాడవుతాయి, మీకు కోల్డ్ రూమ్ ఉంటే ఆ మాట ముందే చెప్పి హీటర్ ఉన్న బ్యాటరీ అడగండి.

గోడౌన్ ఇన్‌చార్జి:

కోల్డ్ రూమ్ లేదండీ. ఇవాళ మొదటి షిఫ్టులో నోటుబుక్కు పట్టుకుని నేనే ఒక డీజిల్ బండి వెంట తిరిగాను. మీటరు 6 గంటల 40 నిమిషాలు తిరిగింది, బండి కదిలింది 3 గంటల 50 నిమిషాలు. మిగతా ఐదింటికీ ఈ వారంలో చూసి రాస్తాను. మా రెస్ట్ రూమ్ పక్క గోడకి ఇప్పుడు ఖాళీ ప్యాలెట్లు పేర్చి ఉన్నాయి, రేపు పొద్దున్నే అవి తీయిస్తున్నాను.