ఎండకాలంలో నేల మాటు గుడారం కనబడకుండా ఉండాలంటే?

ప్రశ్న: అనుమతి ఉన్న జింకల వేట కోసం అడవి అంచున నేల మీద మాటు గుడారం వేసి, పచ్చి కొమ్మలతో కప్పాను. రెండో రోజుకే ఆకులు ముడుచుకొని, పాలిపోయిన అడుగుభాగాలు పైకి తేలడంతో అది మరింత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఉక్క భరించలేక కిటికీలన్నీ తెరిచి కూర్చుంటున్నాను. జింకలు దూరానే ఆగి, తలెత్తి చూసి, వెనుదిరుగుతున్నాయి. ఏం చేయాలి?

సమాధానం: ఆకుల సంగతి తరువాత చెబుతాను, ముందు కిటికీలు చూడండి. మీ వెనుక కిటికీ తెరిచి ఉంటే, అందులోంచి వచ్చే వెలుగులో మీ తల, భుజాలు తెర మీది తోలుబొమ్మలా కనబడతాయి, మీరు చేయి కదిపినా జింక పసిగడుతుంది. కాబట్టి వెనుకవైపు పూర్తిగా మూసి, ముందు అవసరమైనంత సందు మాత్రమే ఉంచి, లోపల నల్లటి దుస్తులు వేసుకోండి. ఎండ నేరుగా లోపలికి పడని దిక్కుకు కిటికీ తిప్పి, గుడారాన్ని చెట్టు నీడలోకి జరిపితే ఉక్క కూడా కొంత తగ్గుతుంది.

ఇక కప్పు విషయం. వేడికి పచ్చి ఆకు నిలవదు కాబట్టి, చుట్టుపక్కల సహజంగా ఎండిన పొడవాటి గడ్డినీ రాలిన కొమ్మలనూ ఎక్కువగా వాడి, పచ్చదనం కావలసిన చోట మాత్రమే రెండు మూడు తాజా రెమ్మలు గుచ్చి, అవి వాడిపోగానే మార్చండి. బతికున్న తీగను గుడారం మీదికి మళ్ళించగలిగితే అంతకన్న మేలు లేదు. గుడ్డ మొత్తం కప్పడం కన్న, పైకప్పు గీత, నాలుగు మూలలు చెదిరిపోయేలా కొమ్మలను ఎగుడుదిగుడుగా నిలపడం ముఖ్యం, ఎందుకంటే అడవిలో అంత తిన్నని గీత మరెక్కడా ఉండదు. గాలికి గుడ్డ రెపరెపలాడకుండా తాళ్ళు బిగించడం మరువకండి. చుట్టూ ఎండుగడ్డి ఉంటుంది కనుక లోపల పొయ్యి గాని, బీడీ గాని వెలిగించవద్దు.

ప్రశ్న: దుస్తులు ఉతికే సబ్బు వల్ల కూడా ఇబ్బంది ఉంటుందా?

సమాధానం: ఉంటుంది. జింకలకు ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవు గాని, నీలం వైపు రంగులూ అతినీలలోహిత కాంతీ మనకన్న బాగా తెలుస్తాయి. తెల్లదనం కోసం సబ్బుపొడిలో కలిపే మెరుపు పదార్థాలు ఆ కాంతిని పీల్చి నీలంగా మెరుస్తాయి, అందుచేత అవి లేని సబ్బే వాడండి. వాసన సంగతి కూడా గమనించండి: వాలు నేలల్లో సాయంత్రం చల్లబడిన గాలి కిందికి జారుతుంది కాబట్టి, ఆ వేళకు జింకలు వచ్చే దారి మీకు దిగువన ఉండకూడదు.

గుడారాన్ని వేటకు రెండు మూడు వారాల ముందే వేసి వదిలేయండి. నిన్న లేని ఆకారం నేడు కనబడితే ఎంత బాగా కప్పినా అవి అనుమానిస్తాయి.